పది బరువులు, ముప్పై చోట్లు: అమెరికా కాలేజీ కుస్తీలో కుర్రాళ్ల ఎంపిక ఎలా జరుగుతుంది?

అమెరికా హైస్కూళ్లలో కుస్తీ పట్టే అబ్బాయిలు రెండున్నర లక్షల మందికి పైనే ఉంటారు. కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. దాని పోటీల్లో పై అంచె అయిన డివిజన్-1లో కుస్తీ జట్టు నడిపే విద్యాసంస్థలు 80కి లోపే. ఒక్కో జట్టు తరఫున బరిలో దిగేది పది మంది, పది బరువు తరగతులకు ఒక్కొక్కరు. మార్చిలో జరిగే జాతీయ పోటీలకు తరగతికి 33 మంది చొప్పున 330 మంది అర్హత పొందుతారు. ప్రతి తరగతిలోనూ మొదటి ఎనిమిది స్థానాల్లో నిలిచినవారికి ‘ఆల్ అమెరికన్’ గౌరవం దక్కుతుంది.

ఈ అంకెలు చూస్తే, హైస్కూలు ర్యాంకుల జాబితాలో పైనున్న పేర్లను ఎక్కువగా పట్టుకుపోయిన కాలేజీదే విజయం అనిపించడం సహజం. కోచ్‌కు ఆ జాబితాతో పని మొదలవుతుంది, అంతే. పదిహేడేళ్ల కుర్రాడు ఇరవై ఒకటో ఏట ఎంత బరువుంటాడు? అప్పటికి అదే బరువులో జట్టులో ఇంకెవరుంటారు? రోజూ అతను ఎవరితో సాధన చేస్తాడు? ఖర్చు ఎవరు పెడతారు? ఈ నాలుగూ ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. ఒకదాన్ని కదిపితే మిగతా మూడూ కదులుతాయి.

ముందుగా పాయింట్ల లెక్క తెలియాలి. అది అర్థమైతే కోచ్‌లు కొందరు కుర్రాళ్ల కోసం ఎందుకంత ఆరాటపడతారో తెలుస్తుంది. జాతీయ పోటీల్లో విజేత తన జట్టుకు స్థానం కింద 16 పాయింట్లు, ఒక్కో రౌండు దాటినందుకు మరో 4 కలిపి 20 తెస్తాడు. ప్రత్యర్థి భుజాలను మ్యాట్‌కు ఆనించి గెలిస్తే కుస్తీకి రెండేసి పాయింట్లు అదనం. ఎనిమిదో స్థానం వచ్చినవాడు తెచ్చేది మొత్తంమీద ఐదారు పాయింట్లే. అంటే ఒక్క ఛాంపియన్ ముగ్గురు, నలుగురు మంచి ఆటగాళ్ల పెట్టు. 2022లో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం 131.5 పాయింట్లతో జాతీయ టైటిల్ గెలిచింది. ఆ ఏడాది దాని జట్టులో ఐదుగురు ఛాంపియన్లు. స్థానాలకూ రౌండ్లకూ వచ్చిన పాయింట్లే చూసినా వంద ఆ ఐదుగురివే. రెండో స్థానంలో ఉన్న మిషిగన్ జట్టు మొత్తానికి వచ్చినవి 95.

పదిమంది నిలకడైన ఆటగాళ్లున్న జట్టు ద్వంద్వ పోటీల్లో, అంటే రెండు జట్లు నేరుగా తలపడేవాటిలో, నెగ్గుకు రావచ్చు. మార్చి టోర్నమెంటును గెలిపించేది శిఖరాన ఉన్న ముగ్గురు, నలుగురు. అందుకే దేశంలోని మొదటి పది, పదిహేను మంది కుర్రాళ్ల చుట్టూ అంత పోటీ.

బరువు అనే చిక్కుముడి

కాలేజీ కుస్తీలో తరగతులు 125, 133, 141, 149, 157, 165, 174, 184, 197, 285 పౌండ్లు. హైస్కూలు తరగతులు వీటితో సరిపోలవు. పైగా కుర్రాళ్లు ఇంకా పెరిగే వయసులో ఉంటారు. కోచ్ ఈ రోజు చూస్తున్న శరీరం మూడేళ్ల తర్వాత ఉండదు. అందుకే అనుభవజ్ఞులు కుర్రాడి తండ్రిని, అన్నలను కూడా గమనిస్తారు. పాదాల పరిమాణం, భుజాల వెడల్పు చూస్తారు. ఇద్దరు మేటి కుర్రాళ్లను వేర్వేరు బరువులకు తీసుకుంటే, రెండేళ్లలో ఇద్దరూ పెరిగి ఒకే తరగతిలో తేలిన సందర్భాలు ప్రతి జట్టులోనూ ఉంటాయి. అప్పుడు ఒకడు బరిలో, మరొకడు బెంచి మీద. ఫుట్‌బాల్‌లో లాగా ఇద్దరినీ ఆడించే వీలు ఇక్కడ లేదు.

ఎదుగుదలను సరిగ్గా వాడుకుంటే ఏం జరుగుతుందో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కైల్ డేక్ చూపించాడు. 2010 నుంచి 2013 వరకు వరసగా నాలుగేళ్లు, 141, 149, 157, 165 అంటూ ఏటా ఒక్కో తరగతి పైకి వెళ్తూ, నాలుగు జాతీయ టైటిళ్లు గెలిచాడు. శరీరం పెరుగుతుంటే దాన్ని అణచిపెట్టలేదు.

అణచిపెట్టడం ఎంత ప్రమాదమో ఈ క్రీడకు చేదుగా తెలుసు. 1997 చివర్లో దాదాపు నెల రోజుల వ్యవధిలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు బరువు తగ్గించుకునే ప్రయత్నంలో ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాతే ఎన్‌సీఏఏ నిబంధనలు మార్చింది. సీజన్ మొదట్లో ఒంట్లో నీటి శాతం, కొవ్వు శాతం కొలిచి, ఎవరు ఏ బరువు దాకా దిగవచ్చో ముందే తేలుస్తారు. కాబట్టి ఈనాటి కోచ్ ‘ఇతన్ని 133కి దించుదాం’ అని కాగితం మీద రాసుకున్నంత మాత్రాన కుదరదు. పిల్లవాణ్ని పంపుతున్న తల్లిదండ్రులు కోచ్‌ను అడగవలసిన మొదటి ప్రశ్న కూడా నా దృష్టిలో ఇదే: కాలేజీలో మూడో ఏడాదికి మా వాడు ఏ బరువులో ఉంటాడని మీరు అనుకుంటున్నారు?

సర్దుబాటుకు కోచ్‌ల చేతిలో ఉన్న పరికరం ‘రెడ్‌షర్ట్’ ఏడాది. ఐదేళ్ల కాలంలో నాలుగు సీజన్లు ఆడవచ్చు. మిగిలిన ఏడాది పోటీల్లో జట్టుకు ఆడకుండా సాధన చేస్తూ కండ పెంచుకోవచ్చు. చివరి ఏడాది చదువుతున్న ఛాంపియన్ ఒక బరువులో ఉంటే, అతని వెనుక కొత్త కుర్రాడు రెడ్‌షర్ట్‌లో ఏడాది గడిపి, అతను వెళ్లగానే ఆ స్థానంలోకి వస్తాడు. పెన్ స్టేట్ 2024-25 సీజన్ చూడండి. 174లో టైటిళ్లు గెలుస్తూ వచ్చిన కార్టర్ స్టరోచి 184కి జరిగాడు. 2024లో 157లో ఛాంపియన్ అయిన లీవై హేన్స్ మధ్యలో 165ను దాటేసి నేరుగా 174కి వెళ్లాడు. 165లో మిచెల్ మెసెన్‌బ్రింక్ ఉన్నాడు మరి. స్టరోచి, మెసెన్‌బ్రింక్ టైటిళ్లు గెలిచారు, హేన్స్ మూడో స్థానం తెచ్చాడు. ఆ ఏడాది జట్టులోని పదిమందీ ఆల్ అమెరికన్లే. 177 పాయింట్లతో అంతకుముందు ఏడాది తామే నెలకొల్పిన రికార్డును చెరిపేశారు.

సాధన గది

పెన్ స్టేట్ పేరు ఇన్నిసార్లు వస్తోందంటే కారణం కేల్ సాండర్సన్. అయోవా స్టేట్ విద్యార్థిగా 159 కుస్తీలు పట్టి ఒక్కటీ ఓడలేదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు. 2009లో అయోవా స్టేట్ కోచ్ పదవి వదిలి పెన్సిల్వేనియాకు వచ్చాడు. ఒహాయోలో నాలుగుసార్లు రాష్ట్ర విజేత అయిన డేవిడ్ టేలర్ అంతకుముందే అయోవా స్టేట్‌కు మాట ఇచ్చి ఉన్నాడు. కోచ్ మారగానే అతనూ దారి మార్చుకుని పెన్ స్టేట్‌లో చేరాడు. 2011లో ఆ జట్టు టైటిల్ గెలిచింది. అప్పటి నుంచి 2025 వరకు సాండర్సన్ ఖాతాలో 12 జట్టు టైటిళ్లు. కుర్రాళ్లు కాలేజీ పేరును చూసి చేరరు, మనిషిని చూసి చేరతారు అనడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ ఈ క్రీడలో లేదు.

అయితే ఒక్క కోచ్ ఆకర్షణే ఇంత పని చేయదు. కుస్తీలో మెరుగుపడాలంటే రోజూ తన బరువుకు దగ్గరగా ఉన్న, తనకన్నా గట్టివాడైన మనిషి ఎదురుగా ఉండాలి. వీడియోలు, యంత్రాలు ఆ లోటు తీర్చలేవు. అందుకే పెద్ద కాలేజీల పక్కన ప్రాంతీయ శిక్షణ కేంద్రాలు వెలిశాయి. ఇవి కాలేజీలో భాగం కాకుండా విరాళాల మీద నడిచే విడి సంస్థలు. చదువు ముగించి ఒలింపిక్స్ కోసం తయారవుతున్నవారికి జీతాలిచ్చి అక్కడే ఉంచుతాయి. పెన్ స్టేట్ దగ్గర నిట్టనీ లయన్ రెజ్లింగ్ క్లబ్, అయోవాలో హాకై క్లబ్, ఓక్లహోమా స్టేట్ దగ్గర కౌబాయ్ కేంద్రం ఇలాంటివే. ఒహాయో స్టేట్‌లో చదివిన ఒలింపిక్ విజేత కైల్ స్నైడర్, కార్నెల్‌లో చదివిన డేక్ తర్వాతి కాలంలో పెన్ స్టేట్ పక్కకే సాధనకు వచ్చారు. పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఆ గదిని చూపిస్తే చాలు, మిగతా మాటలు అక్కర్లేదు. స్కాలర్‌షిప్ మొత్తాన్ని ఇంకో కాలేజీ పెంచగలదు గానీ అలాంటి గదిని ఒక్క సీజన్‌లో కట్టలేదు. అగ్రశ్రేణి ప్రతిభ నాలుగైదు చోట్లకే చేరుతుండటానికి అసలు కారణం నాకు ఇదే అనిపిస్తుంది.

క్రీడా స్కాలర్‌షిప్‌లే ఇవ్వని ఐవీ లీగ్ (ఎనిమిది పేరున్న పాత విశ్వవిద్యాలయాల కూటమి)లో ఉండి కూడా కార్నెల్ ఈ గది సూత్రం మీదే నిలదొక్కుకుంది. చదువుకు ఇచ్చే ఆర్థిక సాయం తప్ప కుస్తీకంటూ అక్కడ రూపాయి లేదు. అయినా డేక్ తర్వాత యాని డయాకోమిహాలిస్ కూడా నాలుగు టైటిళ్లు గెలిచాడు. 2024లో జట్టు దేశంలో రెండో స్థానంలో నిలిచింది.

ఎక్కడ చూస్తారు, ఏం చూస్తారు

పెన్సిల్వేనియా, ఒహాయో, న్యూజెర్సీ, ఇల్లినాయిస్, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు కోచ్‌లకు ముందు గుర్తొచ్చేవి. న్యూజెర్సీ బ్లెయిర్ అకాడమీ, పెన్సిల్వేనియా వయోమింగ్ సెమినరీ వంటి పాఠశాలలు దేశం నలుమూలల నుంచి కుర్రాళ్లను తెచ్చుకుంటాయి. పోటీల్లో ముఖ్యమైనవి మూడు: శరదృతువులో నార్త్ కరొలైనాలో జరిగే సూపర్ 32, డిసెంబరులో ఒహాయోలోని ఐరన్‌మ్యాన్, జూలైలో నార్త్ డకోటాలోని ఫార్గోలో జాతీయ పోటీలు.

ఈ మూడూ ఒకే రకం కుస్తీ కావు. అమెరికా పాఠశాలల్లో, కాలేజీల్లో ఆడేది ఫోక్‌స్టైల్. ఇందులో కింద పడినవాడు పట్టు విడిపించుకుని లేవగలగాలి, పైనున్నవాడు అతన్ని అదిమి ఉంచగలగాలి. మొత్తంమీద ఎదుటివాడికన్నా నిమిషం ఎక్కువసేపు అదిమి ఉంచితే ఒక పాయింటు. ఒలింపిక్స్‌లో ఆడే ఫ్రీస్టైల్‌లో ఈ భాగానికి అంత విలువ లేదు. ఫార్గోలో ఆడేవి ఫ్రీస్టైల్, గ్రీకో-రోమన్. ఫార్గోలో మెరిసినవాడు కాలేజీలో కింద ఇరుక్కుపోయి నిమిషాల తరబడి లేవలేక ఓడిపోవచ్చు. కాబట్టి తెలివైన కోచ్ పతకం రంగు చూసి ఆగడు. రెండో పీరియడ్‌లో కింద ఉన్నప్పుడు కుర్రాడి తుంటి కదలిక ఎలా ఉంది, ఓడిన మరుసటి కుస్తీలో ఎలా వచ్చాడు అన్నది చూస్తాడు.

ఓటమిని చదవడం రావాలి. స్పెన్సర్ లీ పెన్సిల్వేనియా హైస్కూలులో ఓడినది ఒక్కటే కుస్తీ. అదీ చివరి ఏడాది, మోకాలి లిగమెంట్ తెగిన స్థితిలో ఆడిన రాష్ట్ర ఫైనల్‌లో. ఆస్టిన్ డిసాంటో అతన్ని ఓడించాడు. లీ అయోవాలో చేరి మూడు జాతీయ టైటిళ్లు గెలిచాడు, 2024 పారిస్‌లో ఒలింపిక్ రజతం సాధించాడు. డిసాంటో ముందు డ్రెక్సెల్‌లో చేరి, తర్వాత అయోవాకే మారాడు. ఇద్దరూ ఒకే గదిలో సాధన చేశారు.

ర్యాంకు ఎంతవరకు నమ్మాలి? పైనున్న కొద్దిమంది విషయంలో చాలావరకు నమ్మవచ్చు. మిన్నెసోటాలో ఆరుసార్లు రాష్ట్ర విజేత అయిన మార్క్ హాల్ 2017లో మొదటి ఏడాదే జాతీయ ఛాంపియన్ అయ్యాడు. కానీ అతనికీ మరో టైటిల్ దక్కలేదు. తర్వాతి రెండేళ్లూ ఫైనల్లో జహీద్ వాలెన్సియా అడ్డుపడ్డాడు. ఆ పై వరస దాటాక ర్యాంకు కన్నా ఓపికదే పైచేయి. జోర్డాన్ బరోస్ న్యూజెర్సీలో రాష్ట్ర టైటిల్ గెలిచింది ఒక్కసారే. నెబ్రాస్కాలో మొదటి సీజన్‌లో అతని గెలుపులకూ ఓటములకూ పెద్ద తేడా లేదు. అదే బరోస్ రెండు కాలేజీ టైటిళ్లు, 2012 లండన్ ఒలింపిక్ స్వర్ణం, ఆరు ప్రపంచ టైటిళ్లు గెలిచాడు. నెబ్రాస్కా కోచ్ మార్క్ మానింగ్ 2000 నుంచి అక్కడే ఉన్నాడు. 2025లో ఇద్దరు ఛాంపియన్లతో ఆ జట్టు దేశంలో రెండో స్థానం సాధించింది. ఎంపికలో కనబడని ఈ రెండో సగాన్ని, అంటే తెచ్చుకున్నవాడిని పెంచడాన్ని, నేను మొదటి సగం కన్నా గొప్పదిగా భావిస్తాను.

ఇక క్యాలెండరు. పదో తరగతి ముగిశాక జూన్ 15 నుంచి కోచ్‌లు నేరుగా ఫోను చేయవచ్చు, సందేశాలు పంపవచ్చు. ఆగస్టు 1 నుంచి కాలేజీ ఖర్చుతో క్యాంపస్ చూడటానికి పిలవవచ్చు. నోటిమాటగా ఇచ్చిన ఒప్పుదలకు ఎవరూ కట్టుబడి ఉండనక్కర్లేదు. దశాబ్దాలుగా ఉన్న జాతీయ అంగీకార పత్రాన్ని 2024 అక్టోబరులో రద్దు చేశారు. ఇప్పుడు సంతకం చేసేది ఆర్థిక సాయం ఒప్పందం మీదే.

డబ్బు లెక్క మారింది

2024-25 వరకు ఒక డివిజన్-1 కుస్తీ జట్టు ఇవ్వగలిగిన స్కాలర్‌షిప్‌లు మొత్తం 9.9. పది తరగతులకు పది పూర్తి స్కాలర్‌షిప్‌లు కూడా లేవు. దాన్నే ముప్పై మందికి పైగా ఉన్న జట్టులో ముక్కలుగా పంచేవారు. మేటి కుర్రాడికి పూర్తిగా, కొందరికి సగం, కొందరికి పుస్తకాల ఖర్చు. చదువులో మంచి మార్కులున్న కుర్రాడంటే కోచ్‌లకు ప్రాణం, ఎందుకంటే అతనికి చదువు మీద వచ్చే సాయం ఆ 9.9ని కొంత మిగులుస్తుంది.

2021 జూలై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపం, గుర్తింపు మీద డబ్బు సంపాదించుకునే వీలు వచ్చింది. దాతలున్న జట్ల బలం దానితో పెరిగింది. (ఎఫ్-1 వీసా మీద వచ్చిన విదేశీ రెజ్లర్లకు ఈ సంపాదన దారి దాదాపు మూసుకుపోయినట్టే. అదే వీసా మీద చదువుతూ బయట పని చేయలేని తెలుగు విద్యార్థులకు ఈ ఇబ్బంది విడమరిచి చెప్పనక్కర్లేదు.) తర్వాత 2025 జూన్‌లో, ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన ‘హౌస్’ కేసు రాజీకి న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదం తెలిపారు. దానితో కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా చెల్లించవచ్చు. 2025-26కు ఒక్కో విద్యాసంస్థలో అన్ని ఆటలకూ కలిపి పరిమితి దాదాపు 2.05 కోట్ల డాలర్లు. అందులో సింహభాగం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్‌లకు పోతుంది. కుస్తీకి దక్కేది ఆ కాలేజీ అధికారులకు, దాతలకు ఆ ఆట మీద ఉన్న ప్రేమను బట్టి ఉంటుంది. స్కాలర్‌షిప్ పరిమితి పోయింది. దాని స్థానంలో జట్టు పరిమాణానికి పరిమితి వచ్చింది: రాజీలో చేరిన కాలేజీల్లో కుస్తీ జట్టు 30 మంది.

దీనికి తోడు బదిలీల జోరు. 2018లో మొదలైన ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని మరో కాలేజీకి మారవచ్చు. 2021 నుంచి ఒకసారి, 2024 నుంచి చదువులో అర్హత ఉంటే ఎన్నిసార్లైనా, ఏడాది ఖాళీగా కూర్చోకుండానే ఆడవచ్చు. 2024 మేలో ఓక్లహోమా స్టేట్ కోచ్ అయిన డేవిడ్ టేలర్ దీన్ని ఎలా వాడాడో చూడండి. 2025లో అతని జట్టు తరఫున టైటిళ్లు గెలిచిన ఇద్దరూ బయటి నుంచి వచ్చినవారే. డీన్ హమీటి విస్కాన్సిన్ నుంచి వచ్చాడు. ఎయిర్ ఫోర్స్ నుంచి వచ్చిన వ్యాట్ హెండ్రిక్సన్ ఫైనల్లో ఒలింపిక్ విజేత గేబుల్ స్టీవ్సన్‌ను 5-4తో ఓడించాడు. జట్టు మూడో స్థానం పొందింది. హైస్కూలు కుర్రాడి మీద నాలుగేళ్లు వెచ్చించడం కన్నా, ఇరవై రెండేళ్ల రుజువైన ఆటగాణ్ణి తెచ్చుకోవడం మేలని ఏ కోచ్‌కైనా అనిపిస్తుంది. మధ్యస్థాయి కాలేజీలు ఎంతో శ్రమపడి తయారు చేసినవారిని పెద్ద కాలేజీలు ఎత్తుకుపోతున్నాయన్న బాధలో న్యాయం ఉంది. ఆటగాడికి తన శ్రమకు తగిన చోటు వెతుక్కునే హక్కు ఉందన్న మాటలోనూ అంతే న్యాయం ఉంది.

జట్టే మాయమయ్యే ప్రమాదం కూడా ఉంది. 2020 జూలైలో స్టాన్‌ఫర్డ్ తన కుస్తీ జట్టును ఎత్తివేస్తామని ప్రకటించింది. మరుసటి మార్చిలో ఆ జట్టుకే చెందిన షేన్ గ్రిఫిత్ కాలేజీ పేరులేని నల్ల దుస్తుల్లో బరిలో దిగి 165 పౌండ్ల టైటిల్ గెలిచాడు. మే నెలలో విశ్వవిద్యాలయం నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. అంత అదృష్టం అందరికీ ఉండదు.

ఈ మార్పులన్నిటిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆ 30 అన్న అంకె. పది తరగతులకు ముప్పై అంటే తరగతికి ముగ్గురు. గాయపడినవారు, రెడ్‌షర్ట్‌లో ఉన్నవారు, పోర్టల్ నుంచి వచ్చినవారు పోగా, ఎవరూ పిలవకపోయినా సొంత ఖర్చుతో వచ్చి తలుపు తట్టేవాడికి చోటెక్కడ? ఒంటికాలితో పుట్టిన ఆంథోనీ రోబ్లెస్ హైస్కూలు చివరి రెండేళ్లు ఓటమి ఎరుగడు, జాతీయ స్థాయిలోనూ గెలిచాడు. అయినా పెద్ద జట్లు అతని మీద స్కాలర్‌షిప్ వెచ్చించడానికి వెనకాడాయి. స్కాలర్‌షిప్ లేకుండానే అరిజోనా స్టేట్‌లో చేరి, 2011లో ఒక్కటీ ఓడకుండా 125 పౌండ్ల ఛాంపియన్ అయ్యాడు. అలాంటివాడు ఈ రోజు వస్తే, ముప్పైయవ చోటు అతనికివ్వాలా, పోర్టల్‌లో ఉన్న మరొకడికివ్వాలా అని కోచ్ ఆలోచించవలసి వస్తుంది. చోటు దొరకనివారు డివిజన్-2కు, ఎన్ఏఐఏ అనే మరో సంఘంలోని చిన్న కాలేజీలకు, రెండేళ్ల జూనియర్ కాలేజీలకు వెళ్తారు. అక్కడ తమను తాము నిరూపించుకుని, రెండేళ్ల తర్వాత ఇరవై ఏళ్ల వయసులో, మళ్లీ అవే పెద్ద కాలేజీల తలుపు తడతారు.